ముందు డ్రంకెన్ డ్రైవ్ ఉంది, సందులోంచి పో

హైదరాబాద్‌లో శుక్ర, శనివారాల్లో రాత్రి పదిన్నర దాటిందంటే ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ తిరుగుతుంది. "జూబ్లీహిల్స్ 36లో డ్రంకెన్ డ్రైవ్ ఉంది, చూసుకుని రండి." ఒకడు దండం ఎమోజీ పెడతాడు. ఇంకొకడు ఏ సందులో దూరితే ఎక్కడ తేలతామో చెప్తాడు. ఇది రాస్తున్న నేనూ ఒకప్పుడు అలాంటివి ఫార్వర్డ్ చేసినవాణ్ణే. నలుగురికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

తర్వాతెప్పుడో ఆ మాటే వింతగా అనిపించింది. డ్రంకెన్ డ్రైవ్ అంటే తాగి బండి నడపడం కదా. కానీ "అక్కడ డ్రంకెన్ డ్రైవ్ ఉంది" అన్నప్పుడు మనం చెప్పేది తాగి నడుపుతున్నవాడి గురించి కాదు. బారికేడ్లు, పోలీసులు, ఊదే మిషన్ గురించి. నేరం పేరు పట్టుకెళ్లి తనిఖీకి పెట్టేశాం. బారికేడ్ లేని రోడ్డు మీద డ్రంకెన్ డ్రైవ్ కూడా లేనట్టే.

మిగతా మాటలూ ఇదే దారి. పట్టుబడ్డవాడి గురించి "తాగి నడిపాడు" అనం, "పాపం దొరికిపోయాడు" అంటాం. వానలో తడిసిపోయాడు, జ్వరం వచ్చింది అన్నంత మామూలుగా. టీవీ స్క్రోలింగ్‌లో "కారు బీభత్సం" అని వస్తుంది; బీభత్సం చేసింది కారట. పేపర్లో "మద్యం మత్తులో అదుపుతప్పి" అని ఉంటుంది. తప్పింది అదుపు, తప్పించింది మత్తు, మనిషి ఎక్కడా కనపడడు. ఇక "మందుబాబులు" అనే ముద్దుపేరు ఒకటి. డిసెంబర్ 31 రాత్రి ఈ బాబులు పోలీసులతో పెట్టుకునే వాదులాటల వీడియోలు జనవరి ఒకటిన ఇంటిల్లిపాదీ చూసి నవ్వుకుంటారు. దొంగతనం చేస్తూ దొరికినవాడి వీడియో చూసి అలా నవ్వం.

ఇంట్లో దాచేది ఏమిటి

మన సమాజం తాగి నడపడాన్ని ఒప్పుకుంటోంది అంటే, తాగుడునే ఒప్పుకుంది కాబట్టి అని చాలామంది అనుకుంటారు. నాకు విషయం దాదాపు తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు మధ్యతరగతి ఇళ్లలో మందు ఇంకా దాచుకునే విషయమే. నలభై ఏళ్లు వచ్చి, ఇద్దరు పిల్లలున్న మనిషి కూడా అమ్మ దగ్గరికి వెళ్లేముందు ఇలాచీ నములుతాడు. నాన్న ముందు గ్లాసు పట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. పెళ్లి సంబంధాల దగ్గర "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవు" అనేది ఇప్పటికీ చెప్పాల్సిన వాక్యం. ఒక్కసారైనా "తాగితే బండి ముట్టుకోడు" అని ఎవరైనా చెప్పగా విన్నారా?

ఈ దాపరికమే మనిషిని బండి ఎక్కిస్తుంది. కూకట్‌పల్లిలో అమ్మానాన్నలతో ఉండే ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. అమీర్‌పేటలో సిట్టింగ్ అయింది, పదకొండైంది. బండి అక్కడే వదిలేసి ఆటోలో పోవచ్చు. కానీ పొద్దున్నే అమ్మ మొదటి ప్రశ్న "బండేదిరా?" అనే. పంక్చర్ అయిందంటే నాన్న షాపు ఎక్కడో అడుగుతాడు. ఫ్రెండ్ రూంలో పడుకుంటానంటే ఎందుకు అన్న ప్రశ్న. అన్నయ్యకి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమంటే రాత్రికి రాత్రే పంచాయతీ. బండి తోలుకుంటూ వచ్చి, చప్పుడు కాకుండా గేటు తీసి, నేరుగా గదిలోకి వెళ్లి పడుకుంటే మాత్రం ఏ గొడవా లేదు. తాగిన సంగతి దాచాలంటే బండి నడపక తప్పదు. పరువు కాపాడుకునే దారి ముంబై హైవే మీదుగా పోతుంది.

స్నేహితుల మధ్య లెక్క వేరు. అక్కడ "నేను నడపలేను" అనడం ఓటమి. "ఎన్నేశావ్?" అనే ప్రశ్నకి ఎంత పెద్ద సంఖ్య చెప్తే అంత గొప్ప, "అయినా స్టడీగా ఇంటికెళ్లా" అనేది దానికి ముక్తాయింపు. తాళం చెవి లాక్కున్నవాణ్ణి మర్నాడు కూడా "నన్నే ఆపుతావా" అని దెప్పుతారు. అందుకే ఎవరూ లాక్కోరు. "ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టు" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉందో, చేతులు దులుపుకోవడం ఉందో చెప్పడం కష్టం.

తాగితే తప్పు, నడిపితే మామూలు, దొరికితే ఖర్మ. ఈ మూడు మెట్ల లెక్కలో అసలు ప్రాణం తీసే పని మధ్య మెట్టు మీద ఎవరి కంటా పడకుండా కూర్చుంది.

ఒక్క పెగ్గు ఎంత

"ఒక్కటే వేశా, ఏం కాదు" అనే మాటకి లెక్క కడదాం. మన దేశంలో చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 60 మిల్లీలీటర్ల పెగ్గులో అచ్చమైన ఆల్కహాల్ దాదాపు 20 గ్రాములు. 70 కిలోల మగవాడి ఒంట్లో అదంతా కలిస్తే రక్తంలో 40 పైన తేలుతుంది. ఒక్కటే పెగ్గు, ఖాళీ కడుపు, గబగబా తాగాడు: గీత దాటేశాడు. సన్నగా ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ ఇంకా ఎక్కువ. "బీరే కదా" అనేవాళ్లకి: 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఉంటుంది, అంటే ఒక్క సీసాలో దాదాపు రెండు పెగ్గులు.

దిగడం ఇంకో లెక్క. కాలేయం ఈ ఆల్కహాల్‌ని గంటకి 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది, కొందరిలో కాస్త అటూ ఇటూ. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, బ్లాక్ కాఫీ, కిళ్లీ, ఏవీ ఆ పనిని తొందరపెట్టలేవు. కాఫీ వల్ల జరిగేదల్లా నిద్రమత్తు పోయి తాగిన మత్తు మిగలడం. కిళ్లీ వాసన పక్కవాడి ముక్కుకే. ఊదే మిషన్ వాసన చూడదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తుంది.

ఇదే లెక్కన రాత్రి పదకొండుకి క్వార్టర్, అంటే మూడు పెగ్గులు, ముగించినవాడు తెల్లారి ఐదు దాటేదాకా గీత పైనే ఉంటాడు. హాఫ్, అంటే ఆరు పెగ్గుల పైన, తాగినవాడైతే మర్నాడు పొద్దున తొమ్మిదికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఐడీ కార్డు మెళ్లో తగిలించుకుని, ఆఫీసుకి పోతున్నప్పుడు కూడా వంద దగ్గర్లో ఉండొచ్చు. వాడి దృష్టిలో అది నిన్నటి సంగతి. స్కూలు బస్సు డ్రైవర్లకి పొద్దున పూట కూడా ఊదించి చూస్తున్నారంటే కారణం ఇదే.

ఇంకా చిక్కేమిటంటే, మందు మొదట తీసుకెళ్లేది కాళ్లలో పట్టుని కాదు, అంచనా వేసే నేర్పుని. తూలడం, మాట తడబడటం తర్వాత వస్తాయి. అంతకుముందే ఎదురుబండి ఎంత దూరంలో ఉందో, ఈ సందులో దూరగలనో లేదో తేల్చుకునే తెలివి జారిపోతుంది. దాని స్థానంలో ధైర్యం వచ్చి కూర్చుంటుంది. "తాగితేనే నేను బాగా నడుపుతా" అనేవాడు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16, 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు. మన కాలనీ రోడ్డు వెడల్పు చాలాచోట్ల అంత కూడా ఉండదు.

మరి వందసార్లు ఇలా వచ్చినవాడికి ఏమీ కాలేదే? అదే వాణ్ణి పాడుచేసేది. ఏ రాత్రికారాత్రి చూస్తే ప్రమాదం జరగకపోవడమే ఎక్కువ. క్షేమంగా చేరిన ప్రతి రాత్రీ వాడికి ఒక సర్టిఫికెట్. ఎదురుగా ఎవరూ రాకపోవడాన్ని వాడు తన డ్రైవింగ్ కింద జమ వేసుకుంటాడు.

ఊదిన తర్వాత

మిషన్ 30 దాటి చూపిస్తే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ సస్పెన్షన్ వేరే. అంతకుముందు మొదటిసారి జరిమానా 2,000 మాత్రమే, ఒక మోస్తరు పార్టీ బిల్లు కంటే తక్కువ.

బారికేడ్ దగ్గర జరిగే తంతు చూడాలి. ప్లాస్టిక్ గొట్టం కొత్తది కవర్లోంచి తీసి తగిలిస్తారు. "గట్టిగా ఊదండి సార్." సార్ బుగ్గలు పొంగించి, లోపలికి పీలుస్తాడు. "పీల్చడం కాదు సార్, ఊదండి." మూడోసారికి కూత వస్తుంది, అంకె వస్తుంది, చిన్న చీటీ ప్రింటవుతుంది. ఆ అంకె చూసిన వెంటనే మన మనిషి చేసే మొదటి పని ఫోన్ తీయడం. ఇంటికి కాదు, తెలిసిన ఎమ్మెల్యే పీఏకి, ఎస్సై అయిన క్లాస్‌మేట్‌కి, "మనోడే" అని చెప్పగలిగేవాడికి. కాస్త వెనక ఆగిన కారులో భార్యాభర్తలు సీట్లు మార్చుకుంటూ ఉంటారు. ఎవరి ముఖంలోనూ తప్పు చేశామన్న ఛాయ కనిపించదు, టైం బాగాలేదన్న విసుగు తప్ప.

బండి పట్టుకుపోవడం గురించి పాత గొడవ ఒకటుంది. 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు దీన్ని తేల్చింది. తాగినవాడి చేతికి బండి ఇవ్వకూడదు సరే, కానీ తాగాడన్న ఒక్క కారణంతో బండిని స్టేషన్లో ఉంచేసుకోకూడదు. వెంట తాగకుండా లైసెన్స్ ఉన్నవాళ్లుంటే వాళ్లకివ్వాలి, లేకపోతే బంధువుల్ని పిలవాలి. ఈ తీర్పు పౌరహక్కుల కోణంలో సరైనదే. అయితే చాలామందికి ఇందులోంచి అర్థమైంది "ఇక బండి సీజ్ చేయరు" అన్న ఒక్క ముక్కే.

ఆ తర్వాత ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్, ఇంటివాళ్లని వెంటబెట్టుకుని రావాలి. నా లెక్కలో మొత్తం వ్యవహారంలో కాస్త పనిచేసేది ఇదొక్కటే. ఒక స్నేహితుడికి తోడుగా ఒకసారి వెళ్లాను. గోడ మీద ప్రొజెక్టర్లో ప్రమాదాల వీడియోలు నడుస్తున్నాయి. మగవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కన కూర్చున్న ఆడవాళ్లు మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు. ముందు వరసలో ఒక తల్లి, పాతికేళ్ల కొడుకు. వీడియోలో హెల్మెట్ ఒకటి దొర్లుకుంటూ పోయి ఆగింది. ఆమె చేయి చాపి కొడుకు మోకాలు పట్టుకుంది, లైట్లు వేసేదాకా వదల్లేదు.

కోర్టులో ఎక్కువమంది తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి బయటికొస్తారు. అలా వచ్చినవాణ్ణి "ఎంత పడింది?" అని అడుగుతారు, కరెంటు బిల్లు గురించి అడిగినట్టు.

మనిషి చనిపోతే కథ మారుతుంది. ఇక్కడ చట్టం రెండు దారులుగా చీలుతుంది. నిర్లక్ష్యం వల్ల చావు అంటే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, ఐదేళ్ల దాకా. ప్రాణాలు పోవచ్చని తెలిసీ చేశాడంటే 105, పదేళ్ల దాకా. తాగి స్టీరింగ్ పట్టినవాడికి "తెలుసు" అనాలా, "అజాగ్రత్త" అనాలా అన్నదే ప్రతి పెద్ద కేసులోనూ వాదన. 2006 నవంబర్‌లో ముంబై కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కి ఏడుగురు చనిపోయారు. కింది కోర్టు దాన్ని నిర్లక్ష్యంగా చూసి ఆరు నెలలు వేసింది. హైకోర్టు తెలిసి చేసినట్టే లెక్కగట్టి మూడేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. ఏడు ప్రాణాలకి మూడేళ్లు ఎక్కువా తక్కువా అన్నది పక్కన పెడితే, తాగి నడపడం పొరపాటు కాదు, తెలిసి చేసే పని అన్న మాట అత్యున్నత న్యాయస్థానం నోట రావడం పెద్ద విషయం.

పెద్దగా ఎవరికీ తెలియని సెక్షన్ ఇంకొకటుంది: 188. తాగి నడపడానికి పురిగొల్పినవాళ్లకి కూడా నడిపినవాడితో సమానంగా శిక్ష. "ఏం కాదురా, నువ్వు నడుపు" అని తాళం చేతిలో పెట్టిన స్నేహితుడు చట్టం కళ్లకి కేవలం స్నేహితుడు కాదు.

డబ్బు లెక్క

జైలు కంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇన్సూరెన్స్. తాగి గుద్దితే సొంత బండి రిపేరుకి కంపెనీ పైసా ఇవ్వదు. మనిషే పోతే, బండి పాలసీతో కట్టించుకునే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు కూడా తాగి ఉన్నట్టు తేలితే వర్తించదు. ఊదించలేదు, రక్తం తీయలేదు కాబట్టి నిరూపించలేరు అనే ధీమా కూడా చెల్లదు. ఢిల్లీలో ఖరీదైన కారు ఒకటి ఫుట్‌పాత్‌ని గుద్ది తగలబడిన కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: పరీక్ష లేకపోయినా మిగతా పరిస్థితుల్ని బట్టి తాగాడని తేల్చొచ్చు.

అవతలివాడికి దెబ్బ తగిలితే? థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. చాలా కేసుల్లో ట్రిబ్యునళ్లు ముందు బాధితుడికి కంపెనీ చేత కట్టించి, తర్వాత ఆ సొమ్మును బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటాయి. నడిపినవాడి దగ్గర కాదు, ఓనరు దగ్గర. బావమరిది అడిగాడు కదా అని తాళాలిచ్చిన మనిషి, ఆ రాత్రి తను ఇంట్లో నిద్రపోతున్నా, లక్షల అప్పుతో నిద్రలేచే అవకాశం ఉంది.

ఈ భయమే లెక్కల్ని కూడా తారుమారు చేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో మందు, మత్తుపదార్థాల ఖాతాలో పడినవి సుమారు రెండున్నర శాతం. అతివేగం ఖాతాలో 71 శాతం. ఈ అంకె చూపించి "చూశారా, అసలు సమస్య స్పీడే" అని వాదించేవాళ్లు ఉన్నారు. కానీ ఆ ఖాతా రాసేది ఎలాగో చూడండి. ఎఫ్ఐఆర్‌లో "అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి" అనేది అచ్చుపోసిన మాట. కారణం గడిలో ఒకటే రాయాలి. తాగినందువల్లే వేగంగా నడిపినవాడు ఏ గడిలో పడతాడు? ఇక క్యాజువాలిటీలో స్ట్రెచర్ పక్కన నిలబడ్డ బంధువు డ్యూటీ డాక్టర్ని బతిమాలే మాట "అది మాత్రం రాయకండి సార్, ఇన్సూరెన్స్ రాదు" అనే. అంత్యక్రియల తొందరలో ఉన్న ఆ కుటుంబాన్ని ఎవరు తప్పుపడతారు? కానీ అలా రాయని ప్రతి కాగితం, మందు వల్ల పెద్దగా ఎవరూ చావడం లేదు అన్న అంకెకి సాక్ష్యమవుతుంది. ఆ రెండున్నర శాతాన్ని నేను నమ్మను.

"నా ప్రాణం, నా ఇష్టం"

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది చాలామందికి ఇంకా గుర్తే. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయింది. బస్సులో ఉన్న 19 మంది నిద్రలోంచి లేచేలోపే మంటల్లో పోయారు. దర్యాప్తులో బయటపడిన వరుస ఇది: ముందు ఒక బైకు డివైడర్‌ని గుద్దింది. నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు, వెనక కూర్చున్నవాడు బతికాడు. బైకు రోడ్డు మీదే పడి ఉంది. వెనకొచ్చిన బస్సు దాని మీదికెక్కి కింద ఈడ్చుకుంటూ పోయింది, మంటలు లేచాయి. బైకు నడిపిన యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

ఆ చావులన్నీ అతని ఒక్కడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. నిమిషాల్లో దహించుకుపోయే బస్సుల సంగతి వేరే లెక్క, దానికి వేరే దోషులున్నారు. కానీ "పోతే నేను పోతాను, నీకేంటి" అనే మాటకి ఇంతకంటే భయంకరమైన జవాబు ఉండదు. అతను పోయిన తర్వాత కూడా అతని బండి చంపుతూనే ఉంది.

అప్పుడు హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులే అన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ కోపం అర్థమవుతుంది గానీ ఆ మాట మనల్ని తప్పించేస్తుందని నా అనుమానం. ఉగ్రవాది అంటే ఎవడో. ఎక్కడి నుంచో వచ్చినవాడు. తాగి నడిపేవాడు మన బాబాయి, మన టీం లీడ్, పెళ్లిలో అందరికీ దగ్గరుండి వడ్డించిన మంచి మనిషి. 2016 జులై 1న పంజాగుట్టలో డివైడర్ దాటి మరో కారు మీద పడి, స్కూలు నుంచి వస్తున్న చిన్నపిల్లతో సహా ఒకే కుటుంబంలో ముగ్గురి ప్రాణం తీసిన కారులో ఉన్నది ఇంజినీరింగ్ కుర్రాళ్లు. మందు తాగే వయసు కూడా చట్టప్రకారం రానివాళ్లు. వాళ్లకి బార్లో ఎలా పోశారని అప్పుడు రాష్ట్రమంతా అడిగింది. కొన్నాళ్లే.

అడగాల్సిన ప్రశ్న నిజానికి ఇంకా పెద్దది. ఊరి బయట మెయిన్ రోడ్డు మీద వైన్స్, దాని వెనక పర్మిట్ రూం, ముందు వరసగా బండ్లు. అక్కడ తాగినవాడు ఇంటికి ఎలా వెళ్తాడని లైసెన్స్ ఇచ్చినవాళ్లు అనుకున్నారు? హైవేలకి 500 మీటర్ల లోపు మందు అమ్మకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంటే, కొన్ని రాష్ట్రాలు దుకాణాలు జరపడానికి బదులు రోడ్ల హోదానే మార్చేశాయి. కొన్నాళ్లకి చిన్న ఊళ్లకి దూరం తగ్గింది, నగరాల పరిధికి సడలింపూ వచ్చింది. ఊళ్లలో బెల్టు షాపులకి ఈ గొడవే లేదు, అవి కాగితం మీద లేవు కాబట్టి. నగరంలో మెట్రో అర్ధరాత్రి లోపే ఆగిపోతుంది, పబ్బు అప్పుడే వదులుతుంది. ఖజానాకి మందు కావాలి, ఊదే మిషన్ దగ్గర నీతి కావాలి. మధ్యలో ఉన్న పది కిలోమీటర్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. మన కారుని మన ఇంటిదాకా తోలిపెట్టే కిరాయి డ్రైవర్లు, యాక్టింగ్ డ్రైవర్లు, దొరుకుతున్నారు నిజమే, కానీ కారున్నవాడికి. స్ప్లెండర్ మీద వచ్చినవాడికి ఎవరూ దొరకరు. రోడ్డు మీద చచ్చిపోతున్నవాళ్లలో దాదాపు 45 శాతం ఆ రెండు చక్రాల వాళ్లే.

అదే మనిషి, డల్లాస్‌లో

ఇది మన రక్తంలోనే ఉంది, మారదు అనేవాళ్లకి ఒక ఉదాహరణ. అమీర్‌పేటలో క్వార్టర్ కొట్టి బండి తోలిన మనిషే అమెరికా వెళ్లాక రెండు బీర్లకి ఊబర్ పిలుస్తాడు. అక్కడి గీత మనకంటే వదులు: చాలా రాష్ట్రాల్లో 80, యూటాలో 50. అయినా భయం, ఎందుకంటే డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు, అక్కడ దొరకడం మాత్రమే కాదు. శిక్ష పడేదాకా కూడా ఆగక్కర్లేదు. 2015 నుంచి అరెస్టు అయినా చాలు, వీసా రద్దు చేసే వెసులుబాటు అక్కడి విదేశాంగ శాఖ వాడుతోంది. హెచ్1బీ మీద ఉన్నవాడికి, ఎఫ్1 మీద చదువుకునే పిల్లకి ఆ ఒక్క రాత్రి ఖరీదు ఇరవై ఏళ్ల ప్లాను. అందుకే తెలుగువాళ్ల పార్టీల్లో అక్కడ "ఈరోజు డ్రైవింగ్ ఎవరు?" అన్నది ముందే తేలిపోతుంది. ఆ డ్యూటీ ఎక్కువగా భార్యలకే పడుతుంది, అది వేరే కథ.

అమెరికా ఎప్పుడూ అలా లేదు. అక్కడా ఒకప్పుడు ఇది సరదా కబురే. 1980లో కాలిఫోర్నియాలో పదమూడేళ్ల కూతుర్ని తాగిన డ్రైవరు చంపేస్తే, ఆ తల్లి మొదలుపెట్టిన "మదర్స్ అగైనెస్ట్ డ్రంక్ డ్రైవింగ్" సంఘం దాన్ని ప్రమాదం అనడమే మాన్పించింది. అక్కడ ఊబర్ పిలిచిన మన మనిషే సంక్రాంతికి భీమవరం వచ్చినప్పుడు కోడిపందేల దగ్గర రెండు పెగ్గులేసి నాన్న కారు తీస్తాడు. మనిషి మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

చుట్టూ ఉన్నవాళ్లు అంటే ఎవరు? నాకు గుర్తొచ్చేది బండి వెనక సీటు. పెళ్లి నుంచో, తద్దినం నుంచో, దావత్ నుంచో రాత్రి తిరిగివచ్చే బండ్లని చూడండి. ముందు తాగిన భర్త, ట్యాంకు మీద ఒక పిల్ల, మధ్యలో ఇంకో పిల్లాడు, వెనక పట్టుచీర కొంగు నడుముకి చుట్టుకుని భార్య. ఆమెకి తెలుసు. ఎన్ని తాగాడో గ్లాసులు లెక్కపెట్టి మరీ తెలుసు. కానీ అంతమంది చుట్టాల ముందు "నేను ఎక్కను" అంటే అతని పరువు పోతుంది, ఇంటికెళ్లాక ఆమెకి ఇంకేదో పోతుంది. "ఆయనకి అలవాటేలే" అంటూ ఎక్కుతుంది. బారికేడ్ దగ్గర ఊదమనేది ముందున్నవాణ్ణే. వెనకున్నామెని ఎవరూ ఏమీ అడగరు.

కొన్నేళ్ల కిందట దసరాకి జనగామ దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. పొద్దటి నుంచి చుక్కా ముక్కా నడుస్తూనే ఉంది. రాత్రి తొమ్మిదికి బావ బండి స్టార్ట్ చేశాడు. వాళ్ల ఊరు పన్నెండు కిలోమీటర్లు. నాలుగేళ్ల మా మేనల్లుణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. అక్క వెనక ఎక్కింది. మా నాన్న, చిన్నాన్న, నేను, అరుగు మీద కూర్చున్న పదిమందీ "పైలం" అన్నాం. పైలం అంటే సరిపోతుందన్నట్టు.

నాయనమ్మ లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బావతో ఒక్క మాట అనలేదు. నేరుగా వెళ్లి పిల్లాణ్ణి చంకల కింద చేతులేసి ఎత్తుకుంది.

"పోతున్నం గదనే, ఇటియ్యి" అన్నాడు బావ.

"మీరు పోండ్రి. పిల్లగాడు నా దగ్గర పంటడు."

ఇంజన్ ఆడుతోంది. అక్క ఒకసారి నాయనమ్మ భుజం మీద తల వాల్చిన కొడుకుని చూసింది. మెల్లగా చీర సర్దుకుని తనూ దిగింది. ఏమీ అనలేదు, పిల్లాడి చెప్పులు తీసుకుని లోపలికి పోయింది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. బావ ఒక్కడే బండి మీద కాసేపు అట్లా కూర్చుని, లైటు ఆపి, స్టాండ్ వేశాడు.